ముసురులో ఉరుకుడు



ఈసారి ఉరుకుడు గురించి రాస్తున్నాను. పుస్తకాల్లో పరుగు అంటారు. మా వైపు అందరం ఉరుకుడు అనే అంటాం కాబట్టి అట్లనే రాస్తాను. అందులోనూ వానకాలం ఉరుకుడు. ఇది మన పిల్లల కొలువులకు సంబంధించిన ముచ్చట కాబట్టి జర ఓపిక చేసుకొని చదవండి.

వేసవిలో పొద్దుగాల అయిదు గంటలకు మా నాగేపల్లి రోడ్డు మీద నిలబడి చూస్తే పిల్లలే పిల్లలు. ఆలాపల్లి వైపు కొందరు, అహేరి వైపు కొందరు ఉరుకుతుంటారు. మొగపిల్లలు, ఆడపిల్లలు అందరూ ఉంటారు. మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడతాయి, సగం మంది కనబడరు. ఆరుద్రలో ముసురు పట్టిందంటే నలుగురో అయిదుగురో మిగులుతారు. మిగతా వాళ్ళను అడిగితే ఒకటే మాట. "కాకా, పోవాలనే ఉంటది. కానీ వాన చప్పుడు వింటే మనసు రాదు."

ఆ మనసు ఎట్లా తెచ్చుకోవాలె అన్నదే ఈ వ్యాసం.

నా గురించి రెండు ముక్కలు. నేను నాలుగో తరగతి దాకా చదివాను. 1981లో వరంగల్ ఆజంజాహి మిల్లులో బదిలీ వర్కరుగా చేరి, తర్వాత లూమ్ ఖాతాలో పర్మనెంటు అయ్యాను. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడింది. అటెన్క భివండి పోయి పవర్‌లూమ్ సాంచాలు నడిపాను. ఇప్పుడు ఆరేండ్లుగా మా ఇంటామె పుట్టిన ఊరు నాగేపల్లిలో ఉంటున్నాం. నేను ఉరకను, మోకాళ్ళు ఒప్పుకోవు. గొడుగు పట్టుకొని నడుస్తాను. పిల్లల లెక్క రాస్తాను.

ఎందుకు ఇంత పట్టింపు

వరంగల్, సోలాపూర్, సిరిసిల్ల, భివండి వాళ్ళకు మా సంగతి తెలియదు కాబట్టి చెప్తాను. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత దాటితే తెలంగాణ. కింద సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ళలో గోండి, మాడియా. ఎండకాలం తునికాకు పని, వానకాలం వరి నాట్లు. చదువుకున్న పిల్లకు నెల జీతం వచ్చే పని ఏదంటే ముందు గుర్తొచ్చేది పోలీసు భర్తీ. తర్వాత ఫారెస్టు గార్డు, తర్వాత మిలిటరీ. ఈ మూడింటిలోనూ ఉరకాలె.

మహారాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ భర్తీలో మైదానం పరీక్ష 50 మార్కులకు ఉంటుంది. మొగపిల్లలకు 1600 మీటర్ల ఉరుకుడు, ఆడపిల్లలకు 800 మీటర్లు. దీనికే 20 మార్కులు. 100 మీటర్ల ఉరుకుడుకు 15, ఇనుప గుండు విసురుడుకు 15. మొగపిల్లవాడు 1600 మీటర్లు 5 నిమిషాల 10 సెకన్లలోపు ఉరికితే 20కి 20 వస్తాయి. మొత్తం 50లో సగమన్నా రాకపోతే రాతపరీక్షకు పిలవరు. ఫారెస్టు గార్డుకు ఇంకా దూరం ఉరకాలె. మొగవాళ్ళకు 5 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 3 కిలోమీటర్లు. తెలంగాణ పోలీసులో కూడా 2022 నుంచి మొగవాళ్ళకు 1600 మీటర్లు, ఆడవాళ్ళకు 800 మీటర్లే.

అసలు సంగతి ఇక్కడ ఉంది. 2024లో మహారాష్ట్ర అంతటా 17 వేలకు పైగా పోలీసు ఉద్యోగాల భర్తీ జరిగింది. మైదానం పరీక్షలు ఎప్పుడు మొదలయ్యాయి? జూన్ 19న. మృగశిర పోయి ఆరుద్ర వచ్చే రోజులు. వానల్లో మైదానం పరీక్ష వద్దు, వాయిదా వేయండి అని రాష్ట్రమంతా అడిగారు. మరీ వాన పడి మైదానం పనికిరాని చోట వేరే తేదీ ఇస్తామన్నారు గానీ మొత్తం భర్తీ ఆగలేదు. అంటే భర్తీ కార్తె చూసుకొని రాదు. రేపు ఏ కాలంలో పిలుస్తారో మన చేతిలో లేదు.

ఇంకో లెక్క చూడండి. ఏడాదికి 12 నెలలు. అందులో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 4 నెలలు వానకాలం. వాన పడితే ఇంట్లో ఉంటాను అనే పిల్ల ఏడాదిలో మూడో వంతు పోగొట్టుకుంటుంది. ఎండకాలమంతా కష్టపడి పెంచుకున్న దమ్ము నెల రోజులు కూర్చుంటే దిగిపోతుంది. అక్టోబర్‌లో మళ్ళీ మొదటికి రావాలె. వయసు మాత్రం ఆగదు. మామూలు వాళ్ళకు 28 ఏండ్లు, రిజర్వేషన్ వాళ్ళకు 33 ఏండ్లు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది.

మిల్లు నేర్పిన సంగతి

మనసు గురించి నాకు తెలిసింది మిల్లులో తెలిసిందే.

మిల్లులో మూడు షిఫ్టులు. పొద్దుగాల షిఫ్టు సైరన్ మోగితే వాడ వాడంతా లేచేది. శ్రావణ మాసంలో బయట ధార కడుతున్నా సరే, గోనెసంచి కొప్పెర పెట్టుకొని గేటుకు పోయేవాళ్ళం. "ఇయ్యాల పని మీద మనసున్నదా" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ అడుక్కోలేదు. మనసు ఉన్న రోజూ పోయినం, లేని రోజూ పోయినం. మొదటి పోగు అతికిన తర్వాత, సాంచా చప్పుడు చెవుల్లో పడిన తర్వాత మనసు దానంతట అదే వచ్చి కూర్చునేది.

ఎందుకు పోయేవాళ్ళమంటే జీతం కోసం అంటారు. నిజమే. కానీ ఇంకొకటి ఉంది. నా సాంచాల దగ్గర రాత్రి షిఫ్టు అతను నిలబడి నా కోసం చూస్తుంటాడు. నేను పోతేనే అతను ఇంటికి పోతాడు. వానకు నేను ముసుగు తన్ని పడుకుంటే అతను ఇంకో షిఫ్టు నిలబడాలె. ఎర్రబడ్డ అతని కండ్లు గుర్తొస్తే మంచం మీద ఉండబుద్ధి కాదు. ఎవరో ఒకరు నా కోసం చూస్తున్నారు అన్న మాటకు ఉన్న బలం సైరన్‌కు కూడా లేదు.

బదిలీ వాళ్ళది ఇంకో తీరు. బదిలీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పర్మనెంటు వర్కరు రాని రోజు అతని జాగాలో పని ఇస్తారు. పేరు పిలుస్తారో లేదో తెలియకుండానే రోజూ గేటు దగ్గర నిలబడాలె. నేను అట్లా చాలా రోజులు నిలబడ్డాను. అప్పుడు పెద్దవాళ్ళు ఒక కిటుకు చెప్పారు. వాన రోజు అస్సలు మానకు అన్నారు. వాన రోజు పర్మనెంటు వాళ్ళు కొందరు రారు. బదిలీ వాళ్ళు కూడా సగం మంది "ఈ వానలో ఏం పిలుస్తారులే" అని ఇంట్లో ఉంటారు. ఖాళీలు ఎక్కువ, నిలబడ్డ వాళ్ళు తక్కువ. ఆ రోజే పని దొరికేది. మంచి బదిలీ వర్కరు ఎండ రోజు మానినా మానుతాడు గానీ వాన రోజు మానడు.

భర్తీకి పోయే పిల్లలు కూడా బదిలీ వాళ్ళ లాంటి వాళ్ళే. ఎంత మందిలో ఎందరిని తీసుకుంటారు అన్న పోటీ. నలభై మంది రోడ్డు మీద ఉన్న రోజు నువ్వు ఉరికితే నలభై మందితో సమానం. నలుగురే ఉన్న రోజు ఉరికితే మిగతా వాళ్ళ కంటే ఒక రోజు ముందున్నావు. ముసురు ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు ముందుంటావు. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడు తొందరగా అర్థమవుతుంది.

లోకంలో వానకు ఉరికిన వాళ్ళు

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో బోస్టన్ అనే పట్నంలో ఏటా మారథాన్ జరుగుతుంది. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 2018 ఏప్రిల్ 16న జరిగిన పోటీలో గడగడ వణికించే చలి, ధారగా వాన, ముఖం మీద కొట్టే ఎదురుగాలి. లోకంలో పేరున్న ఉరుకుడుగాళ్ళు ఎందరో మధ్యలోనే మానుకున్నారు. గెలిచింది ఎవరు? జపాన్ నుంచి వచ్చిన యూకీ కవాఉచి. అప్పటికి ఆయన సైతామా అనే రాష్ట్రంలో ఒక సర్కారు బడి ఆఫీసులో గుమస్తా. రోజూ డ్యూటీ చేసుకుంటూ, మిగిలిన టైములో ఉరికేవాడు. 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో ముగించాడు. జపాన్ మొగవాడు అక్కడ గెలిచి అప్పటికి 31 ఏండ్లు.

ఆ ఏడాది జనవరి 1వ తేదీనాడే ఆయన బోస్టన్ దగ్గరి మార్ష్‌ఫీల్డ్ అనే ఊరికి వచ్చి, నీళ్ళు గడ్డకట్టే చలిలో ఒక మారథాన్ పూర్తిచేసి పోయాడు. చెడ్డ వాతావరణాన్ని ముందే ఒంటికి అలవాటు చేసుకున్నాడన్న మాట. ఏప్రిల్‌లో వాన కొట్టినప్పుడు మిగతా వాళ్ళకు అది ఆపద, ఆయనకు అది తెలిసిన రోజు.

అదే పోటీలో ఆడవాళ్ళలో గెలిచింది అమెరికాకు చెందిన డెజిరే లిండెన్. ఆమె కథ మన పిల్లలు తప్పకుండా వినాలె. మొదట్లో ఆమెకు ఒళ్ళు సహకరించలేదు. మానుకుందాం అనుకుంది. పక్కన ఉరుకుతున్న తమ దేశపు అమ్మాయి షలేన్ ఫ్లానగన్‌తో, నేను ఎట్లాగూ మానుకునేట్టున్నాను, నీకు ఏమన్నా సాయం కావాలంటే చెప్పు అన్నది. ఫ్లానగన్ మధ్యలో ఆగాల్సి వస్తే ఈమె మెల్లగా ఉరుకుతూ ఆమె కోసం చూసి, ఇద్దరూ కలిసి మళ్ళీ గుంపును అందుకున్నారు. అట్లా ఇంకొకరి కోసం ఉరుకుతూ ఉరుకుతూ చూసుకుంటే తానే ముందుకు వచ్చింది. చివరికి 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లతో గెలిచింది. అమెరికా ఆడవాళ్ళలో 33 ఏండ్ల తర్వాత అక్కడ గెలిచింది ఆమెనే. తన కోసం అయితే ఆగిపోయేదేమో. పక్కమనిషి కోసం ఇంకొంచెం దూరం పోయింది.

మన తెలుగు ఆడబిడ్డ సంగతి కూడా చెప్పాలె. విశాఖపట్నం బిడ్డ జ్యోతి యర్రాజి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇండ్లలో, ఆస్పత్రిలో పనిచేసిన మనిషి. 100 మీటర్ల హర్డిల్స్, అంటే అడ్డకట్టెలు దాటుకుంటూ ఉరికే పోటీ ఆమెది. తడి నేల మీద అడ్డకట్టె దాటడం ఎంత భయమో ఆలోచించండి. 2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా పోటీలు జరిగినప్పుడు ట్రాక్ వానకు తడిసి ఉంది. ఆ తడి మీదే 13.09 సెకన్లలో ఉరికి బంగారు పతకం తెచ్చింది. 2025 మే 29న దక్షిణ కొరియాలో గుమి అనే పట్నంలో మళ్ళీ ఆసియా పోటీలు. వానకు, మెరుపులకు పోటీలు ఆగి ఆగి జరిగాయి. చూసే జనం లేచిపోయారు. కుర్చీలన్నీ ఖాళీ. చప్పట్లు కొట్టే దిక్కు లేని స్టేడియంలో 12.96 సెకన్లలో ఉరికి మళ్ళీ బంగారం కొట్టింది. మన ఇండ్ల లాంటి ఇంట్లో పుట్టిన బిడ్డే.

మా దగ్గర చేస్తున్న పద్ధతి

ఇప్పుడు మా నాగేపల్లిలో ఏం చేస్తున్నామో చెప్తాను. ఖర్చు లేదు, పెద్ద తెలివి కూడా అక్కర లేదు.

మొదటిది జోడీ. ఒక్కొక్కరు ఒంటిగా ఉరకడం వానకాలంలో బంద్. ఇద్దరిద్దరికి జోడీ కట్టాం. ఒకరి ఇంటి ముందుకు ఇంకొకరు పోయి తలుపు కొట్టాలె. ఫోన్ చేస్తే సరిపోదు. ఫోన్ అయితే దిండు కింద పెట్టి పడుకుంటారు. తలుపు ముందు మనిషి తడుస్తూ నిలబడితే లోపల ఎవరూ పడుకోలేరు. రాత్రి షిఫ్టు అతను నా కోసం నిలబడినట్టే ఇది కూడా.

రెండోది రోడ్డు దాకా. "ఉరకాలె" అని అనుకోవద్దు. "బూట్లు తొడుక్కొని రోడ్డు దాకా పోతాను" అని మాత్రం అనుకోవాలె. రోడ్డు మీద పది నిమిషాలు మెల్లగా ఉరికిన తర్వాత కూడా వద్దనిపిస్తే తిరిగి రావచ్చు, ఎవరూ ఏమీ అనరు. మా దగ్గర ఈ పద్ధతి పెట్టినప్పటి నుంచి రోడ్డు దాకా వచ్చి తిరిగి పోయిన వాళ్ళు చాలా తక్కువ. ఒళ్ళు ఒకసారి తడిసిందంటే ఇంక తడవడానికి ఏమీ మిగలదు. భయం తడిసే దాకే.

మూడోది హాజరీ పట్టీ. ఒక పాత నోటుబుక్కులో పేర్లు రాసి, మిల్లులో టైం కీపర్ చేసినట్టు వచ్చిన వాళ్ళకు గీత పెడతాను. ఎండ రోజుకు ఒక గీత, వాన రోజుకు రెండు గీతలు. నెల చివర ఎవరికి ఎక్కువ గీతలున్నాయో చదువుతాను. బహుమతి ఏమీ లేదు, మా ఇంటామె చేసే మక్క గారెలు తప్ప. అయినా పిల్లలు ఆ గీతల కోసం కొట్లాడతారు.

నాలుగోది ముందు రాత్రి పని. బూట్లు, బట్టలు, తుండు గుడ్డ, అన్నీ పడుకునే ముందే తలుపు పక్కన పెట్టాలె. చీకట్లో కరెంటు లేనప్పుడు సాక్సు వెతుక్కునే లోపే మనసు మారిపోతుంది.

ఆడబిడ్డల తల్లులకు ఒక మాట

మా వీధిలో ఒక బిడ్డ ఉంది. పేరు రాయను. తండ్రి హమాలీ. తల్లి ఎండకాలం తునికాకు కోస్తుంది, వానకాలం నాట్లు వేస్తుంది. 2024 భర్తీకి ఆ బిడ్డ అర్జీ పెట్టింది. తల్లి మొదట్లో వానలో పంపేది కాదు. "జ్వరం వస్తే దవాఖాన ఖర్చు ఎవలు పెడతరు? కాలు ఇరిగితే దాన్ని ఎవలు చేసుకుంటరు?" అని నన్నే నిలదీసింది. ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. కూలి ఇంట్లో ఒక జ్వరం వచ్చిందంటే వారం కూలి పోయినట్టే.

నేను ఆమెతో చెప్పింది ఇది. జలుబు వాననీళ్ళలో నుంచి పుట్టదు వదినా, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. కానీ తడిబట్టల మీద గంటలు గంటలు కూర్చుంటే ఒళ్ళు చల్లబడుతుంది, అది మంచిది కాదు. ఇంటికి రాగానే బట్టలు మార్చి, తల తుడుచుకొని, వేడి వేడి గంజో చాయో తాగితే చాలు. నాట్లు వేసేటప్పుడు నువ్వు పొద్దంతా వానలో నిలబడతావు గదా, నీ బిడ్డ నిలబడేది అర్ధగంటే అన్నాను. ఆమె నవ్వి, మరునాటి నుంచి బిడ్డ వచ్చే టైముకు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

ఆ బిడ్డ జోడీతో కలిసి జూన్ అంతా ఉరికింది. మైదానం పరీక్ష నాడు వాన పడి నేల మెత్తబడి ఉన్నదట. వచ్చి నాతో ఒకటే మాట చెప్పింది. "కాకా, బురదల నా కాలు భయపడలే. పక్కనోళ్ళు నేల చూసుకుంట ఉరికిన్రు, నేను ముందు చూసుకుంట ఉరికిన." మైదానంలో పాసయింది. రాతపరీక్షలో కొద్ది మార్కులు తక్కువ పడి లిస్టులో పేరు రాలేదు. రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు పొద్దుగాల తలుపు చప్పుడయింది. చూస్తే ఆమె జోడీ. ఇద్దరూ పోయారు. ఇప్పుడు పొద్దుగాల ఉరుకుడు, రాత్రి లెక్కల పుస్తకం. వయసు ఇంకా ఉంది.

తల్లులారా, ఆడబిడ్డలకు వాన ఒక్కటే అడ్డం కాదు. చీకటి, తడిసి ఒంటికి అంటుకున్న బట్టలు, చూసేవాళ్ళ మాటలు కూడా ఉంటాయి. అందుకే ఆడపిల్లలు జోడీగానే పోవాలె, ముదురు రంగు బట్టలు వేసుకోవాలె, వెనక ఒక పెద్దమనిషి నడవాలె. మా దగ్గర నేను ఒక దిక్కు నడుస్తాను, ఇద్దరు తల్లులు ఇంకో దిక్కు నడుస్తారు. బండ్ల వాళ్ళకు కనబడేట్టు చేతిలో టార్చి ఉంటుంది.

బట్టలు, బూట్లు

జన్మంతా నూలు నేసిన మనిషిని. అయినా వానలో నూలు బనీను వద్దనే చెప్తాను. నూలుకు తేమ అంటే ఇష్టం. మామూలు గాలిలోనే 100 గ్రాముల పొడి నూలు 8 గ్రాముల పైన తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టదు. లూమ్ ఖాతాలో ఏడాది పొడుగునా నీళ్ళు చిమ్మి గాలిలో తేమ ఉంచేవాళ్ళు, ఎందుకంటే నూలు పోగు తేమ మీద గట్టిగా ఉంటుంది, ఎండితే పటపట తెగుతుంది. సాంచా మీద అది మంచి గుణమే. వానలో ఉరికే వాడి ఒంటి మీద మాత్రం ఆ నూలు నీళ్ళు తాగి బరువెక్కి, చంకల్లో, తొడల్లో ఒరుసుకుంటుంది. బజారులో దొరికే పల్చటి పాలిస్టర్ జెర్సీ, లాగు చాలు. ఒరుసుకునే చోట కొబ్బరి నూనె రాసుకోవాలె.

బూట్లు తడిస్తే పొయ్యికి దగ్గరగా పెట్టవద్దు, అడుగు ఊడిపోతుంది. లోపలి అట్ట తీసి, పాత పేపర్ ఉండలు కుక్కి, గంటకోసారి మార్చితే రాత్రికి ఆరిపోతాయి. సాక్సు రెండు జతలు ఉండాలె. కాలి వేళ్ళ మధ్య తడి తుడుచుకోకపోతే ఒరుపు వచ్చి పది రోజులు కూర్చోవాలె.

తారు రోడ్డు మీద మొదటి వానకు నూనె మరకలు తేలి జారుతుంది. పాకుర పట్టిన సిమెంటు ఇంకా జారుతుంది. మొరం రోడ్డు మేలు. అడుగు చిన్నగా వేయాలె, ములుపుల దగ్గర నెమ్మది కావాలె. వాన రోజు టైము చూసుకోవద్దు. ఉరికామా లేదా అన్నదే లెక్క.

ఇంకొకటి. మే నెలలో మా దగ్గర ఎండ 45 డిగ్రీలు కొడుతుంది. ఆ కాలంలో నాలుగు కిలోమీటర్లకే గుండె నోట్లోకి వచ్చే పిల్ల, సన్నటి వానలో ఆరు కిలోమీటర్లు సులువుగా ఉరుకుతుంది. వాననీళ్ళు ఒంటి వేడిని తీసేస్తాయి. ఉరికే వాళ్ళకు ముసురు చుట్టమే. వాన వెలిసి ఎండ కాసినప్పుడే కష్టం. ఆ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అప్పుడు మెల్లగా ఉరకాలె, నీళ్ళు ఎక్కువ తాగాలె.

ఏ వానకు పోవద్దు

ఏ వాన పడినా పోవాలె అని నేను చెప్పడం లేదు. 2005 జూలై 26న ముంబై శాంతాక్రజ్ దగ్గర ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పుడు నేను భివండిలో ఉన్నాను. నీళ్ళ బలం ఏందో తెలుసు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచ వైపు ఊళ్ళను ముంచాయి. పర్లకోట వాగు పొంగితే భామ్రాగఢ్‌కు ఏటా రాకపోకలు బంద్ అవుతాయి. అందుకే మాకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి.

ఉరుము వినబడితే ఉరుకుడు బంద్. మెరుపు కనబడ్డప్పటి నుంచి ఉరుము వినబడే దాకా అంకెలు లెక్కపెట్టాలె. చప్పుడు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు వస్తుంది. 30 లోపే ఉరుము వినబడిందంటే మెరుపు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలె. చెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలె. పుణెలోని కేంద్ర వాతావరణ సంస్థ వాళ్ళు తయారుచేసిన దామిని అనే యాప్ ఉంది, పిడుగు పడే సూచన ముందే చెబుతుంది. మా పిల్లల ఫోన్లలో అందరికీ అది ఉంది.

వాగు మీద నుంచి నీళ్ళు పారుతుంటే ఉరుకుడు కోసం దాటవద్దు. మోకాలు లోతే కదా అనిపిస్తుంది. పారే నీళ్ళకు మోకాలు లోతు చాలు మనిషిని పడగొట్టడానికి. కాలికి గాయం ఉంటే నిలిచిన నీళ్ళలో దిగవద్దు, ఎలుక జ్వరం అట్లనే వస్తుంది. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాల్లో మాదీ ఒకటి. ఒళ్ళు వెచ్చబడి చలి పెడితే ఉరకవద్దు. ఆశా వర్కరు దగ్గరికి పోతే వేలి మీద రక్తపు చుక్క తీసి అక్కడికక్కడే పరీక్ష చేస్తారు, పైసా ఖర్చు లేదు.

ఇట్లాంటి రోజుల్లో కూడా హాజరీ ఉంటుంది. బడి వరండాలో గుంజీళ్ళు, తాడు ఆట, మెట్లు ఎక్కుడు దిగుడు. జోడీ తలుపు కొట్టడం మాత్రం ఆగదు.

మన వాడల వాళ్ళకు

మీ వాడల్లో కూడా భర్తీకి తయారయ్యే పిల్లలు ఉంటారు. రిటైరైన మనలాంటి వాళ్ళూ ఉంటారు. పొద్దుగాల నాలుగు గంటలకు మెలకువ వచ్చి, ఇంక నిద్ర పట్టక మంచం మీద దొర్లే వాళ్ళం మనమే. ముప్పై ఏండ్లు షిఫ్టులు చేసిన ఒళ్ళు, దానికి అలారం అక్కర లేదు. ఆ మెలకువను పిల్లలకు ఇవ్వండి. ఒక నోటుబుక్కు, ఒక గడియారం, ఒక గొడుగు ఉంటే చాలు. పిల్లలకు జోడీలు కట్టండి. తలుపులు కొట్టండి. మొదటి వారం తిట్టుకుంటారు. రెండో వారం వాళ్ళే మన తలుపు కొడతారు.

పుష్యమి, ఆశ్లేష, మఖ, ఇంకా మూడు కార్తెల వానలు ముందున్నాయి. మీ వాడలో హాజరీ పట్టీ మొదలుపెడితే ఎందరు పిల్లలు, ఎన్ని వాన రోజులు అన్న లెక్క ఈ పత్రికకు రాసి పంపండి. మా పిల్లలకు చదివి వినిపిస్తాను. ఎక్కడో వరంగల్‌లో, సోలాపూర్‌లో కూడా మనలాంటి పిల్లలు ఈ ముసురులో ఉరుకుతున్నారని తెలిస్తే, వీళ్ళు ఇంకొక కిలోమీటరు ఎక్కువ ఉరుకుతారు.